చాకు కొనడంలో ఒక ధర్మసందేహం

కిందటి దసరాకు ఆయుధపూజ పీట మీద మేము పెట్టినవి మూడు: స్టెతస్కోపు, కారు తాళాలు, ఒక మడత చాకు. మొదటి రెండింటి గురించి ఎవరూ అడగలేదు. చాకును చూసి ఒక పెద్దాయన మాత్రం రెండు ప్రశ్నలు వేశారు. "ఇది జేబులో పెట్టుకుంటే ఈ దేశంలో పోలీసులు పట్టుకోరూ?" అనేది ఒకటి. "పౌనుకు దొరికే చాకుకి ఇంత పొయ్యడం దేనికండీ?" అనేది రెండోది.

మొదటిదానికి జవాబు చట్టంలోనే ఉంది. ఇంగ్లండు, వేల్సులలో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం, సెక్షన్ 139 ప్రకారం మడిచే చాకు పదును 3 అంగుళాలు మించకపోతే, కారణం చెప్పనక్కరలేకుండా వెంట ఉంచుకోవచ్చు. తెరిచినప్పుడు తాళం పడే చాకులు ఈ మినహాయింపులోకి రావని కోర్టు తేల్చింది. వాటికి సరైన కారణం చూపాలి.

రెండోదే చిక్కు ప్రశ్న.

మా నాన్నగారు బడిపంతులు. లాల్చీ జేబులో ఎప్పుడూ ఒక చాకు. పెన్సిళ్లు చెక్కడానికి, జామకాయ కొయ్యడానికి, పురికొస తెంచడానికి అదే. అలాంటిది మాకూ ఒకటి ఉండాలనిపించింది. 50 పౌన్లు దాటకూడదనుకున్నాం. గట్టిగా ఉండాలి, అందరి దగ్గరా ఉండేది కాకూడదు. ఈ చివరి షరతే మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. స్విస్ ఆర్మీ చాకు మంచిదే కదా, అది చాలదా? అరుదైనదే కావాలనడం, పెళ్లిలో నగ చూపించుకోవడం కంటే ఏమంత గొప్ప?

ఆలోచించగా అరుదు అనే మాటకు రెండు అర్థాలు కనిపించాయి. కొద్దిమంది దగ్గరే ఉండడం ఒకటి, కొద్దిమందే చెయ్యగలగడం ఒకటి. రేపు మన సంఘంలో ప్రతివారూ అదే చాకు కొన్నారనుకుందాం. మనసు చిన్నబోతే మన కోరిక మొదటి జాతిది. ఆ పనివాడి కొట్టు ఇంకో పదేళ్లు నడుస్తుందని సంతోషిస్తే రెండో జాతిది. మాలో రెండూ ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. పాళ్లు ఎంతెంతో మాత్రం చెప్పలేం.

చూసినవి చాలా ఉన్నాయి. 1890లో సవాయ్ ప్రాంతంలో పుట్టిన ఒపినెల్ చవక, చక్కనిది. కానీ ఆరో నంబరు నుంచి పైవాటికి తాళపు కడియం ఉంటుంది. జపానులోని మికి పట్టణపు హిగోనోకామి మరీ ముచ్చటైనది: మడిచిన రేకు పిడి, ఒక్క మేకు, స్ప్రింగు లేదు, బొటనవేలే తాళం. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలు దానితోనే పెన్సిళ్లు చెక్కుకునేవారట. మా నాన్నగారు చూస్తే అదే తీసుకునేవారు.

కట్టుదనం చూడడానికి మార్కా అక్కరలేదు. ఆర్టరీ ఫోర్సెప్స్ చేతికి రాగానే మేము కీలు చూస్తాం, వదులుందేమోనని. ఇదీ అంతే. దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెనక స్ప్రింగుకీ పక్క రేకులకీ మధ్య వెలుతురు దూరకూడదు. తెరిచాక అలుగు పక్కలకు ఊగకూడదు. మడిచినప్పుడు పిడికి తగలకుండా నడిమధ్యకు దిగాలి.

ఇలా చూస్తూ ఉండగానే ఒక రాత్రి ఎమర్జెన్సీలోకి పదిహేడేళ్ల కుర్రవాణ్ణి తెచ్చారు. పక్కటెముకల సందున కత్తిపోటు. బతికాడు. తెల్లవారుజామున వాళ్లమ్మతో మాట్లాడుతూ కోటు జేబులో చెయ్యి పెడితే, యాపిల్ కొయ్యడానికని తెచ్చుకున్న మా పాత చాకు వేళ్లకు తగిలింది. చట్టం ప్రకారం తప్పు లేదు. అయినా ఆవిడ ముందు ఆ చెయ్యి బయటికి తియ్యలేకపోయాం.

ఆ వారమంతా చాకుల మాట ఎత్తలేదు. తర్వాత ఒక పాత వ్యాసం గుర్తుకొచ్చింది. 2005లో ఇక్కడి ఎమర్జెన్సీ వైద్యులు కొందరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, వంటింటి పొడుగు కత్తులకు వాడి మొన ఎందుకని అడిగారు. వంటవాళ్లను విచారిస్తే, లేకపోతే పని ఆగదన్నారట. అప్పుడు షెఫీల్డు వారి లాంబ్‌ఫుట్ చాకు మీద దృష్టి పడింది. పదును గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, వీపు చివర్లో కిందికి వాలుతుంది. మొన బొత్తిగా లేదనలేం గాని, అది కొయ్యడానికి పుట్టింది, పొడవడానికి కాదు. చాసర్ కాలం నుంచీ చాకులకు పేరున్న ఊరది. ఇప్పుడు అక్కడ చేత్తో చాకులు కట్టే కొట్లు బహు తక్కువ.

46 పౌన్లయింది. కార్బన్ ఉక్కు. నిమ్మకాయ తగిలిన చోటల్లా నల్లబడింది, తుడిచి కొబ్బరినూనె రాస్తున్నాం. ఆస్పత్రికి తీసుకువెళ్లం. మేము ఇలాంటి చాకు కొన్నందువల్ల ఆ కుర్రవాడికి ఒరిగిందేమీ లేదని తెలుసు. వాణ్ణి పొడిచింది వంటింటి కత్తి, ఏ ఇంటి సొరుగులోనైనా ఉండేదే. మా సొరుగులోనూ అలాంటివి నాలుగున్నాయి, వాటిని పారెయ్యలేదు.

ఇదంతా చెప్పేసరికి పెద్దాయన చాకు అందుకుని పళ్లెంలో యాపిల్ కోశారు. "ముక్కు చెక్కేసినట్టుందే!" అని నవ్వి, అలుగు తుడిచి మడిచారు. మేము చెయ్యి చాపాం. ఆయన చేతికివ్వకుండా పీట మీద పెట్టారు, మన పెద్దవాళ్లు పెట్టినట్టే.