మచ్చ లేని తెలుపు

లక్షమంది ఒకే రంగు బట్టలు వేసుకుని ఒకచోట చేరితే దాన్ని ఏమనాలి? సంఘీభావం అనాలా, విధేయత అనాలా, ఉత్త సరదా అని వదిలేయాలా? అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఈ ప్రశ్నే వింతగా తోచవచ్చు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆ ఆట, అక్కడి శరదృతువు శనివారాల పండుగ. పెన్సిల్వేనియాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఏడాదికొక ఆట ‘వైట్ అవుట్’. ఆ రోజు అందరూ తెల్లబట్టల్లో రావాలి. 2004లో విద్యార్థుల గ్యాలరీతో మొదలైన ఈ అలవాటు, 2007లో నోటర్ డేమ్ జట్టు వచ్చిన రోజున స్టేడియం మొత్తానికీ పాకింది. అక్కడ లక్షమందికి పైగా పడతారు. టెనెసీ విశ్వవిద్యాలయంలో 2014 నుంచి మరో పద్ధతి ఉంది. ఒక గడి నారింజ, ఒక గడి తెలుపు, చదరంగం బల్లలాగ. మీరు ఏ రంగు వేసుకోవాలో మీ టికెట్టు మీది సెక్షన్ నెంబరు చెబుతుంది.

పరిశోధన కోసం ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో ఏడాది ఉన్నప్పుడు నేనూ ఇలాంటి ఆట ఒకటి చూశాను. వెళ్లేముందు మన విద్యార్థిని ఒకమ్మాయి జాగ్రత్త చెప్పింది. “అక్కా, శనివారం తెల్లది వేసుకోండి. లేకపోతే టీవీలో మచ్చలాగ కనబడతారు.” తెల్ల చుడీదార్ వేసుకుని వెళ్లాను. ఆ గ్యాలరీలో దొరికిన సంతోషాన్ని తక్కువ చేసి చెప్పడం నిజాయితీ కాదు. అన్ని నెలల్లో మొదటిసారి ఎవరూ నన్ను ‘ఏ దేశం’ అని అడగలేదు. పక్కనున్న ముసలావిడ నా భుజం మీద చెయ్యేసి కేకలు పెట్టింది. పరాయితనం మూడు గంటలపాటు మాయమయింది. అందుకే ‘మందమనస్తత్వం’ అన్న ఒక్కమాటతో ఈ వ్యవహారాన్ని కొట్టిపారేసే మేధావుల పక్షం నేను లేను. కలిసిపోవాలన్న ఆకలి నిజమైనది. ఒంటరిగా బతికే ఆడవాళ్లకు అది ఇంకా బాగా తెలుసు.

కానీ ఆ అమ్మాయి వాడిన ‘మచ్చ’ అన్న మాట నన్ను వదల్లేదు. మన భాషలో ఆ మాట ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు. ఇంటిపేరుకు మచ్చ తెచ్చేది దెబ్బ కొట్టినవాడు కాదు, దెబ్బ తిన్నానని బయటికి చెప్పినావిడ. ఒకే రంగు పరుచుకున్నచోట మచ్చ పుట్టడానికి ఎవరూ తప్పు చెయ్యక్కర్లేదు, వేరేగా ఉంటే చాలు. రంగు ఒక భాష అయితే, అందులో ‘అవును’ అన్న మాట ఒక్కటే ఉంది. ‘అవును, కానీ’ అనడానికి వీల్లేదు. ఊరుకున్నవాళ్లు కూడా ‘కాదు’ అన్నట్టే కనిపిస్తారు.

2001 సెప్టెంబరు 22న టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో జరిగింది చూడండి. న్యూయార్క్ దాడులు జరిగి పదకొండు రోజులే అయింది. విద్యార్థులు కొందరు పూనుకుని టీ షర్టులు అచ్చు వేయించి, డెబ్భై వేలకు పైగా అమ్మారు. ఆ శనివారం స్టేడియం పై అంతస్తు ఎరుపు, మధ్య అంతస్తు తెలుపు, కింది అంతస్తు నీలం. మనుషులే జాతీయ జెండా అయిపోయారు. వచ్చిన డబ్బు, సుమారు 1,80,000 డాలర్లు, చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది, పోలీసుల కుటుంబాల సహాయానికి వెళ్లింది. ఆ పిల్లల దుఃఖాన్ని నేను శంకించను. అయితే దానికి వారం ముందు, సెప్టెంబరు 15న, అరిజోనాలోని మీసా ఊళ్లో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కు తన పెట్రోలు బంకు ముందు హత్యకు గురయ్యాడు. తలపాగా, గడ్డం చూసి అరబ్బు అనుకుని కాల్చేశారు. రెంటికీ కార్యకారణ సంబంధం ఉందనడం లేదు. ఒంటిమీది గుడ్డ ఒకరికి ఓదార్పు, మరొకరికి మరణం అయిన రోజులు అవి. ‘మనం’ అన్న మాట బట్టల్లో కనిపించడం మొదలుపెట్టాక, వేరే బట్ట కట్టినవాడి సంగతి ఏమిటని అడగక తప్పదు.

అసలు చిక్కు అన్యాయం ఇంట్లోనే జరిగినప్పుడు వస్తుంది. 2011 నవంబరులో పెన్ స్టేట్ మాజీ శిక్షకుడు జెర్రీ శాండస్కీని పిల్లలపై లైంగిక అత్యాచారాల ఆరోపణతో అరెస్టు చేశారు. పదేళ్ల కిందట, 2001లోనే, ఒక జూనియర్ సహాయకుడు కళ్లారా చూసి పైవాళ్లకు చెప్పాడు. సంగతి పోలీసుల దాకా పోలేదు. నవంబరు 9న ప్రధాన శిక్షకుడు జో పటర్నోను తొలగించినప్పుడు వేలమంది విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. పిల్లల కోసం కాదు, శిక్షకుడి కోసం. ఒక టీవీ వ్యానును తిరగేశారు. మూడు రోజుల తర్వాత నెబ్రాస్కా జట్టుతో ఆట. ఈసారి ‘బ్లూ అవుట్’ అన్నారు. బాధితులకు మద్దతుగా అందరూ నీలం వేసుకోవాలి, చందాలు ఇవ్వాలి. పిల్లలపై అత్యాచారాల నివారణకు అమెరికాలో గుర్తు నీలం రిబ్బను.

మంచి ఉద్దేశమే. చందాలూ వచ్చాయి. అయితే పెన్ స్టేట్ రంగులు నీలం, తెలుపు. ఆ శనివారం నీలం చొక్కా వేసుకున్న మనిషి బాధితుల వైపు ఉన్నాడో, జట్టు వైపు ఉన్నాడో, తీసేసిన శిక్షకుడి వైపు ఉన్నాడో చూసి చెప్పడం ఎవరితరం? రోజూ వేసుకునే చొక్కాతోనే సానుభూతి చూపించగలిగితే, ఆ సానుభూతికి మన దగ్గర్నుంచి ఏ మార్పూ అవసరం లేదన్నమాట. సంస్థ తన గాయాన్ని తన రంగుతోనే కప్పుకుంది. కోర్టు కాగితాల్లో ఆ పిల్లలకు పేర్లు లేవు, మొదటి బాధితుడు, రెండో బాధితుడు అని అంకెలున్నాయి. అది వాళ్ల రక్షణ కోసం. కానీ స్టేడియం నీలంలో వాళ్లు అంకెలుగా కూడా లేరు.

నీలంలో అస్పష్టంగా ఉన్నది, ఐదేళ్ల తర్వాత నలుపులో స్పష్టంగా కనిపించింది. టెక్సస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయం లైంగిక హింస ఫిర్యాదులను పట్టించుకోలేదని 2016 మేలో విచారణ తేల్చింది. ఫుట్‌బాల్ శిక్షకుడు ఆర్ట్ బ్రైల్స్‌ను తప్పించారు. పాలకమండలి సభ్యులు ఆ అక్టోబరులో చెప్పిన లెక్క ప్రకారం, 2011 నుంచి 17 మంది స్త్రీలు 19 మంది ఆటగాళ్లపై లైంగిక, గృహ హింస ఫిర్యాదులు చేశారు. నవంబరు 5న సొంత మైదానంలో ఆట ‘బ్లాక్ అవుట్’. అందరూ నలుపు వేసుకోవాలి. స్టేడియం బయట నల్ల టీ షర్టులు అమ్మారు, వాటిమీద తప్పించిన శిక్షకుడి పేరును గుర్తుచేసే మూడు అక్షరాలు. నల్లచొక్కాల్లో వచ్చినవాళ్లందరూ ఆయన అభిమానులేనని అనలేం. అదే నా బాధ కూడా. ఆ పదిహేడుమందిలో ఒకామె ఆ రోజు గ్యాలరీలో ఉందనుకోండి. తన పక్కన కూర్చున్న మనిషి నలుపు ఎలాంటి నలుపో ఆమెకెలా తెలుస్తుంది? ఆమె నలుపు వేసుకుంటే తన మీద తానే సాక్ష్యం చెప్పినట్టు. వేసుకోకపోతే మచ్చ.

ఇంత చెప్పాక, స్త్రీల ఉద్యమాలు రంగులు కట్టలేదా అని మీరు అడగవచ్చు. కట్టాయి. 1908 జూన్ 21న లండన్ హైడ్ పార్కులో ఓటుహక్కు అడిగిన స్త్రీలు ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగులతో కదిలారు. చాలామంది తెల్లదుస్తుల్లో వచ్చారు. అర్జెంటీనాలో 1977లో, సైనిక ప్రభుత్వం మాయం చేసిన తమ పిల్లల కోసం తల్లులు తెల్లగుడ్డలు తలకు కట్టుకుని ప్లాసా దె మాయో చౌకులో తిరిగారు. దూరం నుంచి చూస్తే స్టేడియం తెలుపుకీ ఈ తెలుపుకీ తేడా లేదు. దగ్గరకు వస్తే ఉంది.

మొదటి తేడా మూల్యంలో ఉంది. ఓటు అడిగిన స్త్రీలు జైళ్లకు వెళ్లారు. ఆ తల్లుల్లో ఒకరైన అసుసెనా విల్యాఫ్లోర్‌ను 1977 డిసెంబరులో ఎత్తుకుపోయి చంపేశారు. వాళ్ల రంగు అధికారం ఎదుట నిలబెట్టింది, గుంపులో దాచలేదు. రెండో తేడా ఎవరు ఎంచుకున్నారన్నది. మన అగ్రవర్ణ ఇళ్లలో విధవల ఒంటికి చుట్టిన తెలుపు కూడా సామూహికమే, ఒక్కామె కూడా ఎంచుకున్నది కాదు. మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. ఆ తల్లుల్లో ఎందరో తమ తెల్లగుడ్డ మీద పోయిన బిడ్డ పేరు దారంతో కుట్టుకున్నారు. రంగు ఒకటే, పేర్లు వేరు. వాళ్లంతా ఒకటిగా కనిపించారు, కానీ ఎవరి బిడ్డా మరొకరి బిడ్డలో కలిసిపోలేదు.

ఆటలో రంగులు మానేయమని నేను అనడం లేదు. అందరం కలిసి అరిచే ఆనందం ఆడవాళ్లకు అంత సులభంగా దొరికేది కాదు, దాన్ని వదులుకోమనే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆటనుంచి తెచ్చిన రంగుతో దుఃఖానికీ న్యాయానికీ జవాబు చెప్పబోయినప్పుడు అడగవలసినవి అడగాలి. ఈ రంగు వేసుకున్నందుకు నేను పోగొట్టుకునేది ఏమైనా ఉందా? ఎవరికోసం వేసుకున్నానో, రంగు ఏదన్నది నిర్ణయించినవాళ్లలో ఆమె ఉందా? వేసుకోనని చెప్పినామెకు నా పక్కన కుర్చీ ఉందా? ఈ మూడింటికీ జవాబు ‘లేదు’ అయితే, ఎంత తెల్లగా ఉన్నా అది తెలుపు కాదు, సున్నం. గోడమీది రాతల్ని చెరిపెయ్యడానికి కొట్టేది.

సంఘీభావం దగ్గరగా నిలబడి పేరు అడుగుతుంది. జవాబు వచ్చేదాకా ఆగుతుంది. విమానంలోంచి తీసిన ఫోటోలో అది కనిపించదు.