మూగప్రాణిపై ప్రేమ



తమ చేతితో నొక్కనాడైనను నిమిరి యెఱుగని గుఱ్ఱము చచ్చెనని విని జనులు కన్నీరు గార్చుట యేల? దీనిని వెఱ్ఱి యని నవ్వి త్రోసివేయవచ్చును. కాని ప్రేమ యెక్కడ కనబడినను దాని మూలమును వెదకుట మన విధి యని మేము తలంచుచున్నాము.

1926లో న్యూజీలండునందలి తిమారు సమీపమున ఫార్ లాప్ అను గుఱ్ఱము పుట్టెను. దానిని 160 గినీల స్వల్పధనమునకు కొని ఆస్ట్రేలియాకు గొనిపోయిరి. మొదటి పందెమున అది యన్నిటికంటె వెనుకబడెను. పిదప 1930లో మెల్‌బోర్న్ కప్పును గెలిచెను. మొత్తము 51 పందెములలో 37 గెలిచెను. అవి ఆర్థికమాంద్యపు దినములు. పనిలేక, కూటికి లేక యెన్నియో కుటుంబములు తల్లడిల్లుచుండెను. హీనముగా నెంచబడిన ప్రాణి యందఱికంటె ముందునకు వచ్చుట చూచి, దిక్కులేనివాడు తన యాశను దానియందు నిలుపుకొనెను. అది పరుగెత్తినప్పుడు తానే పరుగెత్తినట్లు పొంగెను. ఇది మొదటి కారణము.

రెండవది, గుఱ్ఱమునకు పందెపు సొమ్ము తెలియదు, పొగడ్త తెలియదు. తన బలమును దాచుకొనక యిచ్చును. అనుదినము లాభనష్టములు లెక్కించుచు బ్రతుకు మనకు ఆ కపటములేని శ్రమ పూజ్యముగా దోచును.

మూడవది సేవ. టామీ వుడ్‌కాక్ అను సంరక్షకుడు దానిని రేయింబవళ్లు కనిపెట్టి యుండెను. 1932 ఏప్రిల్ 5వ తేదీన కాలిఫోర్నియాలో అది బాధపడుచు ప్రాణములు విడిచినప్పుడు చెంత నుండినవాడు నతడే. మేతపెట్టి, మేను తోమి, రోగమున మేలుకొనిన చేతులకు ప్రేమ యనగా నేమో ఒకరు చెప్పనక్కఱలేదు.

నేడు దాని గుండె కాన్‌బెర్రాలోను, చర్మము మెల్‌బోర్న్‌లోను, అస్థిపంజరము వెల్లింగ్టన్‌లోను భద్రపఱుపబడి యున్నవి. మంచిదే. కాని న్యాయస్థానమున సాక్షిని ప్రశ్నించునట్లు మన హృదయములను మనము ప్రశ్నింతము. ఆ గుఱ్ఱము ఓడిపోవుచునే యుండినయెడల దానికొఱకు ఎవరు ఏడ్చియుందురు? కాలు విఱిగిన గుఱ్ఱమును, ముదిసిన గుఱ్ఱమును పోషించు భార మెవరిది? గెలుపుతో పుట్టి గెలుపుతోనే గిట్టు ప్రేమను పందె మనియే చెప్పవలెను. వుడ్‌కాక్ చేతులలోని ప్రేమకు గెలుపుతో పనిలేదు. ఆ ప్రేమయే మనము నేర్వదగినది.

మూగప్రాణి మనలో మేల్కొల్పిన కరుణ దాని పరుగు ముగిసిన పిమ్మటను నిలుచుగాక! ఓడిన ప్రాణికిని, ఓడిన మనుజునికిని మన గడపలో చోటుండుగాక! సర్వజీవులకు తండ్రియైన పరమేశ్వరుడు మనకట్టి హృదయమును ప్రసాదించుగాక!