కాంటా సరే, తరుగు మాటేమిటి?



2023 డిసెంబరు 3, ఆగమన కాలపు మొదటి ఆదివారం. ఉదయం దివ్యపూజాబలి ముగించుకొని గదికి వచ్చేసరికి మా ఉపదేశి, మరో నలుగురు సంఘపెద్దలు టీవీ ముందు కూర్చుని ఉన్నారు. శాసనసభ ఎన్నికల ఓట్ల లెక్కింపు జరుగుతోంది. రాష్ట్రంలో ఎవరు గెలుస్తారన్నది ఒక ఎత్తయితే, మా ప్రాంతంలో కొల్లాపూర్ సంగతి మరో ఎత్తు. చివరికి లెక్క తేలింది. కర్నె శిరీషకు, అంటే మీరందరూ బర్రెలక్కగా ఎరిగిన అమ్మాయికి, వచ్చిన ఓట్లు 5,754. నా నోటి నుండి అప్రయత్నంగా ఒక మాట వచ్చింది. "అంతేనా?"

"అంతేనా అంటున్నరా ఫాదర్?" అన్నాడు మా ఉపదేశి. "ఒక్క నోటియ్యలే, ఒక్క సీసా పంచలే. ఐదువేల ఏడొందల మంది ఊరికెనే ఏసిండ్రు. మీకు తక్కువెట్ల కనపడ్డది?"

నేను జవాబు చెప్పలేకపోయాను. తత్వశాస్త్రం చదువుకున్నవాడిని, ఒక చిన్న ప్రశ్నకు మాట తడబడింది. నిజమే, దేనికంటే తక్కువ? నేను ఆ అమ్మాయిని ఎన్నడూ చూడలేదు. ఆ ఊళ్ళు తిరిగి ఓటర్లను అడిగిందీ లేదు. మరి ఇన్ని ఓట్లు రావాలన్న లెక్క నా మనసులో ఎవరు పెట్టారు?

నెల రోజుల వెనక్కి వెళ్దాం. డిగ్రీ చదివినా ఉద్యోగం రాలేదు, అందుకే బర్రెలు కాస్తున్నానని ఒక వీడియోలో చెప్పి పేరు తెచ్చుకున్న పేదింటి అమ్మాయి ఆమె. ఆ వీడియోకు పోలీసు కేసు కూడా ఎదుర్కొంది. నాగర్‌కర్నూల్, వనపర్తి రెండు జిల్లాల్లో పరచుకుని ఉన్న కొల్లాపూర్ నియోజకవర్గంలో ఈల గుర్తు మీద స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. మొదట్లో విలేకరులు ఆమెను ఒక వింతగా చూపారు. ప్రచారంలో ఆమె తమ్ముడిపై దాడి జరిగింది. ఆమెకు రక్షణ కల్పించాలని హైకోర్టు పోలీసులను ఆదేశించింది. సీబీఐలో పనిచేసిన లక్ష్మీనారాయణ గారు వచ్చి ఆమె తరఫున ప్రచారం చేశారు. కెమెరాలు వరుస కట్టాయి. అప్పటివరకు "ఎవరీ అమ్మాయి?" అన్న ప్రశ్న కాస్తా "గెలుస్తుందా?" అయింది. ఆపైన "ఎవరి ఓట్లు చీలుస్తుంది?" అన్న చర్చ మొదలయింది. పోలింగు నాటికి ఆమె ఓడిపోతే వింత అన్నంత వరకు వెళ్ళింది కథ. లెక్కింపు నాడు ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. వెంటనే తెరమీద "డిపాజిట్ గల్లంతు". నేను చూసిన చానెళ్ళలో ఒక్కటి కూడా "మేము వేసిన అంచనా తప్పింది" అనలేదు. తప్పింది అభ్యర్థే అన్నట్లు మాట్లాడారు.

గద్వాలలోగాని వనపర్తిలోగాని పల్లికాయను మార్కెట్ యార్డుకు తీసుకెళ్ళిన రైతులు ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఉన్నారు. మీకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. పాతకాలపు తక్కెడ పోయి ఎలక్ట్రానిక్ కాంటా వచ్చాక తూకంలో మోసం కష్టమయింది. కాని తరుగు ఉంది కదా! తేమ ఉందని ఇంత, తాలు ఉందని ఇంత, మట్టి ఉందని ఇంత. కాంటా చూపిన అంకె నిజమే. దానిలోంచి ఎంత తీసివేయాలన్నది మాత్రం కొనేవాడు సరుకు చూశాక, కొన్నిసార్లు రైతు ముఖం చూశాక, చెబుతాడు. ఎన్నికల వార్తలలోనూ అంతే. 5,754 అన్న అంకెను ఎవరూ మార్చలేదు. తరుగు మాత్రం తీశారు.

ఈ తరుగు మన దగ్గరే పుట్టిందని అనుకోవద్దు. అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే ముందు సొంత పార్టీలో రాష్ట్రాలవారీగా గెలుచుకుంటూ రావాలి. 1972లో న్యూహాంప్‌షైర్ అనే చిన్న రాష్ట్రంలో డెమొక్రాటిక్ పార్టీ పోటీ జరిగింది. ఎడ్మండ్ మస్కీ అనే సెనేటర్, మన కతోలికుడే, 46 శాతం ఓట్లతో మొదట నిలిచాడు. జార్జి మెక్‌గవర్న్‌కు వచ్చింది 37 శాతం. కాని మస్కీది పక్క రాష్ట్రం కాబట్టి సగం ఓట్లయినా రావాలని పత్రికలు ముందే ఒక గీత గీసి పెట్టాయి. ఆయన మనుషుల నోటి నుంచి కూడా ఆ 50 శాతం మాట జారిందనుకోండి. గెలిచిన మస్కీ దెబ్బతిన్నవాడయ్యాడు, ఓడిన మెక్‌గవర్న్ ఎదుగుతున్నవాడయ్యాడు. చివరికి ఆ ఏడాది పార్టీ అభ్యర్థి అయింది మెక్‌గవర్నే. ఇరవై ఏళ్ళ తరువాత, 1992లో, అదే రాష్ట్రంలో బిల్ క్లింటన్ 25 శాతంతో రెండో స్థానంలో నిలిచాడు. 33 శాతంతో గెలిచినవాడు పాల్ సాంగస్. అంతకుముందు వచ్చిన ఆరోపణలతో క్లింటన్ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. అందుకని ఆ రెండో స్థానమే పెద్ద విజయంలా కనబడింది. ఆయనా తెలివైనవాడు, ఆ రాత్రే తాను తిరిగి లేచానని ప్రకటించుకున్నాడు. 46 తెచ్చుకున్న మొదటివాడు ఓడినట్టు, 25 తెచ్చుకున్న రెండోవాడు గెలిచినట్టు! అంకెలను ఎవరూ ముట్టుకోలేదు సుమా.

మన కల్వకుర్తికే రండి. 1989లో ఎన్.టి. రామారావు గారు హిందూపురంతో పాటు కల్వకుర్తిలోనూ పోటీ చేసి, ఇక్కడ కాంగ్రెసు అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. ఈ రోజుకీ "ఎన్టీఆర్ ఓడిన ఊరు" అంటారు. గెలిచినాయన పేరు చెప్పమని మీ ఇంట్లో ముప్పయి ఏళ్ళలోపు వారిని అడిగి చూడండి. అలాగే 2009లో చిరంజీవి గారి కొత్త పార్టీకి 294లో 18 స్థానాలు వచ్చాయి. ఏడాది కూడా నిండని పార్టీకి 18 స్థానాలు చిన్న సంగతి కాదు. కాని 1983లో రామారావు గారు తొమ్మిది నెలల పార్టీతో 201 స్థానాలు గెలిచారు గనుక, ఆ గజకర్రే ఈయనకూ పట్టారు.

పత్రికలకు పక్షపాతం ఉందని మీరంటారు. ఉంది. 1982, 83లలో ఈనాడు రామారావు గారి వెంట నిలిచిన తీరు మా తరం వారందరికీ గుర్తే. 2008లో సాక్షి ఏ కుటుంబం నుండి వచ్చిందో అందరికీ తెలుసు. 2009 ఎన్నికలలో డబ్బు తీసుకుని వార్తలు రాసిన వ్యవహారంపై ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల సంఘాన్ని వేస్తే, 2010లో వారిచ్చిన నివేదికలో మన రాష్ట్రం ప్రస్తావన గట్టిగానే ఉంది. అది నేరుగా దొంగతనం, అందులో తర్కించవలసింది ఏమీ లేదు. కాని బహిరంగ పక్షపాతం నాకు అంత భయం కలిగించదు. ఫలానా కొట్టులో కిలోకు యాభై గ్రాములు తగ్గుతాయని తెలిస్తే ఆ మేరకు మనమే సర్దుకుంటాం. ఏ పేపరు ఎవరిదో తెలిసిన పాఠకుడూ అంతే. నన్ను కలవరపెట్టేది ఏ పార్టీకీ చెందనిది. బర్రెలక్క మీద ఏ చానెలుకూ పగ లేదు. ముచ్చటపడే ఆమెను ఎత్తారు, ఎత్తిన ఎత్తు నుంచే కిందపడేశారు.

ఇక్కడ మీలో ఆలోచనాపరులు నన్ను ఒక ప్రశ్న అడగవచ్చు. "ఫాదర్, అందరినీ ఒకే కొలతతో కొలవాలంటారా? దేవాలయ కానుకల పెట్టెలో రెండు నాణెములు వేసిన పేద విధవరాలు అందరికంటె ఎక్కువ వేసిందని ప్రభువు చెప్పలేదా? ఆయనా కొలత మార్చినట్టే కదా?" చాలా మంచి ప్రశ్న, తేలికగా తీసేయగలిగింది కాదు. గురువిద్యాలయంలో అరిస్టాటిల్ నీతిశాస్త్రం చదివినప్పుడు లెస్బోసు ద్వీపపు మేస్త్రీల మాట వచ్చింది. వారు సీసపు కొలబద్ద వాడేవారట. రాయి ఎటు వంపు తిరిగితే అది అటు వంగుతుంది. బిగుసుకుపోయిన చట్టం సరిపడని చోట న్యాయం అలా వంగాలని ఆ తత్వవేత్త ఉద్దేశం. కాబట్టి కొలత వంగడమే తప్పు కాదు. అది ఎవరి కోసం వంగిందన్నదే ప్రశ్న. విధవరాలి విషయంలో ప్రభువు ఆమె దగ్గర ఏముందో చూశారు, దానినిబట్టి కొలిచారు. కొలబద్ద రాయి కోసం వంగింది. వార్తల వారు అభ్యర్థి దగ్గర ఏముందో చూడరు. తాము నిన్న ఏమి చెప్పామో దానినిబట్టి కొలుస్తారు. అక్కడ కొలబద్ద మేస్త్రీ కోసం వంగింది.

కొల్లాపూర్‌నే తీసుకోండి. అక్కడ స్వతంత్రులు గెలవలేదని కాదు. 2004లో జూపల్లి కృష్ణారావు గారు స్వతంత్రుడిగానే గెలిచారు. కాని అప్పటికే ఆయన శాసనసభ్యులు, ఊరూరా మనుషులున్నవారు. ఇరవైల్లో ఉన్న ఒక నిరుద్యోగికీ ఆయనకూ కాగితం మీద "స్వతంత్ర" అన్న మాట ఒక్కటే ఉమ్మడి. ఆమె దగ్గర ఉన్నవి రెండు నాణెములు. 2023లో గెలిచిందీ కృష్ణారావు గారే, ఈసారి కాంగ్రెసు తరఫున.

తరుగు తీసినప్పుడు నష్టపోయింది ఆమె ఒక్కతే కాదు. ఆమె నిలబడింది ఒక మాట చెప్పడానికి: చదివినవారికి ఉద్యోగాలు లేవని. గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష 2022 అక్టోబరులో జరిగి, ప్రశ్నపత్రాల లీకు వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దు చేసింది. మా విచారణలోనే రెండుసార్లూ రాసిన పిల్లలున్నారు. వారిలో ఒకడు కోచింగుకు చేసిన అప్పు ఇంకా తీర్చలేదు. "గెలుస్తుందా?" అని అడిగిన చానెళ్ళు, ఆమె చెబుతున్నది నిజమేనా అని ఎంతసేపు అడిగాయి? గెలుపు ప్రశ్నకు లెక్కింపు నాటికి ఆయుష్షు తీరింది. రెండో ప్రశ్న ఆ పిల్లల ఇళ్ళల్లో ఇంకా కూర్చునే ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1963లో సమాచార సాధనాల గురించి వెలువరించిన పత్రం రాసేవారితో ఆగలేదు, చదివేవారికీ చూసేవారికీ బాధ్యతలున్నాయని చెప్పింది. ఆ "అంతేనా" నాదే గనుక ఆ భాగం ఆ వారం మళ్ళీ తీసి చదివాను.

చదువుతుంటే ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. చెప్పక తప్పదు.

2019లో మా విచారణలో ఒక అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది. తల్లిదండ్రులు సీడు పత్తి చేలలో క్రాసింగు పనికి పోయేవారు. పిల్ల చురుకైనది, పూజలో పఠనాలు చక్కగా చదివేది. ఫలితాలకు ముందే ఒక ఆదివారం పీఠం దగ్గర నిలబడి, ఈసారి మన గుడికి పదికి పది జీపీఏ వస్తుందని ప్రకటించాను. అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చింది 8.8. తండ్రి మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చాడు. నేను ఒక ముక్క నోట్లో వేసుకుని "పరవాలేదులే" అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను. ఆయన కాసేపు నిలబడి, "మా బిడ్డ తక్కువ తెచ్చిందా ఫాదర్?" అని అడిగాడు. అప్పుడూ నాకు జవాబు దొరకలేదు. ఆ ఇంట్లో పదో తరగతి గట్టెక్కినది ఆ పిల్ల ఒక్కతే. ఆ తరువాత చాలా వారాలు ఆమె పఠనం చదవడానికి ముందుకు రాలేదు.

ఆ 2023 క్రిస్మసుకు ఇళ్ళ దీవెనలకు వెళ్ళినప్పుడు వారి గడప ఎక్కాను. అమ్మాయి అప్పటికి నర్సింగు చదువుతూ సెలవులకు వచ్చి ఉంది. ప్రార్థన అయ్యాక, ఆ రోజు నేను అన్న మాట తప్పని తండ్రితో చెప్పాను. ఆయన నవ్వి, మరియమాత పటం వెనుక నుంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఆ మార్కుల మెమో తీశాడు. "మా ఇంటికొచ్చినోళ్ళందరికీ చూపెట్టిన ఫాదర్. మీకొక్కరికే చూపెట్టలే" అన్నాడు.