నమ్మకము ఎవరి ఋణము?

వ్యాధి ప్రబలినవేళ ఏలికలు చెప్పిన మాటను ప్రజలు నమ్మవలెనా? నమ్మవలెనని చెప్పుట సులభము. కాని నమ్మకము ఆజ్ఞాపింపగా పుట్టునది కాదు. అది వినువాడు తీర్పవలసిన ఋణమా, చెప్పువాడు సంపాదింపవలసిన ధనమా అన్నది విచారింపదగిన విషయము.

కరోనా మహమ్మారి కాలమున విశాఖపట్టణ ప్రాంతమునకు ఈ ప్రశ్న ప్రత్యక్షముగా ఎదురైనది. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభము కాగా, యాత్రికులతో కళకళలాడు రుషికొండ తీరము నిర్జనమైనది. అక్కడి గీతం వైద్య కళాశాల ఆసుపత్రి కోవిడ్ రోగుల చికిత్సకు కేటాయింపబడినది. ఆనాడు జనులు ప్రభుత్వము మాట నమ్మిరి; పనులు మాని, కూలి పోగొట్టుకొని ఇండ్లలో నిలిచిరి. కనుక ప్రజలకు నమ్ము గుణము లేదనుట తగదు. మొదట ఉన్న నమ్మకము పిమ్మట ఏల తరిగినది?

మాట మారినందువలననని కొందరందురు. నిజమే, మాటలు మారినవి. రోగ లక్షణములు లేనివారికి మాస్కు అక్కరలేదని తొలుత చెప్పిన కేంద్ర ఆరోగ్య శాఖ, 2020 ఏప్రిల్ తొలివారములో, ఇల్లు వెడలువారు ఇంట కుట్టుకొన్న మాస్కునైనను ధరింపవలెనని సూచించినది. వ్యాధి గాలి ద్వారా వ్యాపింపదని 2020 మార్చిలో ప్రకటించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, వ్యాపించునని 2021లో అంగీకరించినది. కోవిషీల్డు టీకా రెండు మోతాదుల నడుమ గడువును 2021 మే 13న 12–16 వారములకు పెంచిరి. బ్రిటను దేశపు అనుభవము ఆధారమని అధికారులు చెప్పగా, టీకాల కొరతయే కారణమని పలువురు శంకించిరి.

మాట మారుట దోషము కాదు. క్రొత్త వ్యాధిని గూర్చిన జ్ఞానము దినదినము పెరుగును. నాడి చూచిన వైద్యుడు మరునాడు మందు మార్చుట లేదా? తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుటయే దోషము. నేటికి తెలిసినది ఇంతే, రేపు మారవచ్చునని ముందే చెప్పినవాని మాట మారినను, వానియెడ విశ్వాసము చెడదు. అట్లు చెప్పినచో జనులు భయపడుదురని, ఆజ్ఞ మీరుదురని అధికారులు సంకోచింతురు. అది వట్టి శంక కాదు. అయినను, ధైర్యము కలిగించుటకై పలికిన లేని నిశ్చయము ఒక్కమారు బయటపడినచో, పిమ్మట సత్యము పలికినను వినువారుండరు.

నడత కూడ మాటవలెనే చెవిని బడును. 2020 ఏప్రిల్‌లో నాటి విశాఖ జిల్లాలోని నర్సీపట్నము ప్రభుత్వాసుపత్రి వైద్యుడొకరు మాస్కులు చాలుట లేదని బహిరంగముగా చెప్పగా, ప్రభుత్వము ఆయనను సస్పెండు చేసినది. ఆ ఆరోపణలో నిజమెంత అన్నది వేరు విషయము. మాస్కు ధరింపుడని ప్రజలకు బోధించుచు, మాస్కు లేదన్నవానిని దండించినట్లు కనబడినచో, వినువాడు దేనిని నమ్మవలెను? నుడికి తగిన నడత ఉండవలెనని 12వ శతాబ్దిలో బోధించిన బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారమును చూచిన అధికారి. ఆ బోధ సామాన్యునికెంతో అధికారమందున్నవానికిని అంతే.

అట్లని వినువానికి కర్తవ్యము లేకపోలేదు. 2021 మే 21న నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో ఆనందయ్య మందు కొరకు వేలాది జనులు, దూరము పాటింపక, గుమికూడిరి. ఆ మందు హాని చేయదని, అయితే కోవిడ్‌ను నయము చేయుననుటకు ఆధారము లేదని పరిశీలనానంతరము తెలిపి, కంటిలో వేయు మందు తప్ప మిగిలిన వాటిని పంచుటకు రాష్ట్ర ప్రభుత్వము మే 31న అనుమతించినది. ఉచితముగా మందు పంచినవానియెడ గౌరవము సహజమే. కాని ఒకరిపై నమ్మకము సడలినదని మరియొకరిని పరీక్షింపక నమ్ముట వివేకము కాదు. తన మాటను దిద్దుకొన్నవానిని అబద్ధికుడనుచు, ఎన్నడును దిద్దుకొననివానిని సత్యవంతుడనుకొనుట ప్రమాదకరము.

సందేహము తీరకముందే కర్తవ్యము వచ్చి ఎదుట నిలుచును. మాస్కు ధరించినవానికి కలుగు కష్టము స్వల్పము. ధరింపక తిరిగి వచ్చినవాని వలన ఇంటి వృద్ధులకు కలుగు హాని పెద్దది. కనుక సందేహించువాడును ముందు ఇతరులకు కీడు కలుగని త్రోవ పట్టవలెను. ప్రశ్నను మాత్రము విడువరాదు. ప్రశ్నించినవానిని శత్రువుగా నెంచక, కారణములతో బదులు చెప్పుట ఏలికల ఋణము. ఆ ఋణమును వ్యాధి లేని దినములలోనే తీర్చుకొనుట మేలు. మరల మహమ్మారి వచ్చిననాడు అందుకు అవకాశము ఉండకపోవచ్చును.