ఆ బిడ్డ తండ్రి పేరేమిటి?



సనత్‌నగర్ నుంచి బస్సెక్కి అమీర్‌పేట, పంజగుట్ట, ఖైరతాబాద్ దాటి లక్డీకాపూల్ దగ్గర దిగితే, మాసబ్‌ట్యాంక్ వెళ్ళే దారిలో ఏ.సీ. గార్డ్స్ వస్తుంది. ఆ పేరు మనం తరచూ పలుకుతాం గాని, ఆ రెండక్షరాలేమిటని అడిగేవారు తక్కువ. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ గుర్రపు దళం కాపురమున్న పేట అది. 1948లో హైదరాబాద్ సంస్థానం విలీనమైన తర్వాత ఆ దళం పోయింది, కుటుంబాలు మాత్రం అక్కడే నిలిచిపోయాయి. మన నగరంలో పెళ్ళి ఊరేగింపుల ముందు మోగే మర్ఫా వారి చలవే. వారు మన ధార్మిక సోదరులు.

ఆఫ్రికా నుంచి దక్కను చేరినవారిలో సిపాయి కొలువు వెతుక్కుంటూ స్వేచ్ఛగా వచ్చినవారు ఉన్నారు. కానీ శతాబ్దాల తరబడి పసితనంలోనే పట్టుబడి, చేతులు మారి, అమ్ముడుపోయి వచ్చినవారు మరెందరో. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నిలబెట్టిన మాలిక్ అంబర్‌నే తీసుకోండి. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టిన ఆయనకు చిన్ననాటి పేరు చాపు. అమ్ముడుపోతూ పోతూ బాగ్దాద్ చేరాక, కొన్న యజమాని ‘అంబర్’ అని పిలిచాడు. అంబర్ అంటే సుగంధ ద్రవ్యం. బానిసలకు కాఫూర్, యాఖూత్ అంటూ అత్తర్ల పేర్లు, రత్నాల పేర్లు పెట్టడం ఆనాటి అలవాటు. వినడానికి ఎంత ఇంపుగా ఉన్నా, ఆ పేర్లలో తండ్రి ఉండడు. 1610లో ఖిర్కీ పట్టణాన్ని కట్టి (అదే తర్వాత ఔరంగాబాద్), 1626లో మరణించే వరకు మొగలు సైన్యాలకు నిద్ర పట్టనివ్వని ఆ మహావీరుణ్ణి చరిత్ర యజమాని పెట్టిన పేరుతోనే గుర్తు పెట్టుకుంది.

ఇది మధ్యయుగాలతో ముగిసిన కథ కాదు. 1880లలో ఐరోపా రాజ్యాలు ఆఫ్రికా తీరాలను పంచుకుంటున్న రోజుల్లో, లోపలి సరిహద్దుల్లో యుద్ధాలు, దాడులు సాగుతూనే ఉన్నాయి. 1888 సెప్టెంబరులో ఎర్ర సముద్రపు ముఖద్వారం దగ్గర ‘ఓస్ప్రే’ అనే బ్రిటిష్ యుద్ధనౌక కొన్ని పడవలను ఆపింది. వాటిలో రెండు వందల మందికి పైగా ఒరోమో జాతి బానిసలున్నారు. అత్యధికులు పిల్లలే. కొందరిని దాడుల్లో ఎత్తుకొచ్చారు, మరికొందరిని అప్పు కింద లాక్కున్నారు. వారిని ఏడెన్‌లో దింపారు. 1890లో వారిలో 64 మందిని దక్షిణాఫ్రికాలోని లవ్‌డేల్ క్రైస్తవ పాఠశాలకు తరలించారు. విడుదలైతే దొరికింది గాని ఇల్లు దొరకలేదు. కొద్దిమంది మాత్రమే పెద్దయ్యాక స్వదేశం చేరగలిగారు. అయితే ఆ 64 మందినీ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నీ పేరేమిటి, తండ్రి ఎవరు, ఏ ఊరు, ఎలా పట్టుబడ్డావు అని అడిగి రాసుకున్నారు. అందుకే ఆ పిల్లల తల్లిదండ్రులెవరో ఈనాటికీ తెలుస్తోంది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. ఆ పడవలు అరేబియా తీరానికి పోతున్నవే. ఆ వర్తకంలో ముస్లిం పేర్లున్నవారు ఎందరో ఉన్నారు. తెల్లదొరల దౌర్జన్యాలను ఏకరువు పెట్టి ఈ పేజీని తిప్పేయడం మనకు తగదు. స్వేచ్ఛాజీవిని అమ్మి ఆ సొమ్ము తిన్నవాడికి వ్యతిరేకంగా ప్రళయదినాన స్వయంగా తానే వాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు సహీహ్ బుఖారీ ఉల్లేఖనంలో ఉంది. తల్లినీ బిడ్డనూ విడదీసినవాణ్ణి అల్లాహ్ అతని ఆప్తుల నుంచి విడదీస్తాడన్న హెచ్చరిక తిర్మిజీలో ఉంది. ఇవి తెలిసీ ఆ వ్యాపారం చేశారు.

ఇప్పుడు హజ్రత్ జైద్ (రజి) గాథ వినండి. ఆయన కల్బ్ తెగవారు. పసివాడిగా తల్లితో ఆమె పుట్టింటివారి దగ్గరకు వెళ్ళినప్పుడు బనీ ఖైన్ రౌతులు దాడిచేసి ఎత్తుకుపోయారు. ఉకాజ్ సంతలో హకీమ్ బిన్ హిజామ్ ఆ పిల్లవాణ్ణి కొని మేనత్త హజ్రత్ ఖదీజా (రజి) గారికి ఇచ్చారు. ఆమె దైవప్రవక్త (సఅసం) వారికి కానుకగా సమర్పించారు. తండ్రి హారిసా కొడుకు కోసం ఏడుస్తూ ఏళ్ళ తరబడి వెతికాడు. చివరికి జాడ తెలిసి, తన సోదరుణ్ణి వెంటబెట్టుకొని పరిహారపు సొమ్ముతో మక్కాకు వచ్చాడు. ప్రవక్త (సఅసం) సొమ్ము మాట ఎత్తనివ్వలేదు. నిర్ణయం జైద్‌కే వదిలారు. మీతో వస్తానంటే ఊరికే తీసుకువెళ్ళండి, నాతో ఉంటానంటే మాత్రం కాదనలేనన్నారు. జైద్ ఉండిపోయారు. తండ్రి కళ్ళముందే ప్రవక్త (సఅసం) ఆయనను కొడుకుగా ప్రకటించారు. తండ్రి తృప్తిగా తిరిగి వెళ్ళాడు.

అప్పటి నుంచి జనం ‘జైద్ బిన్ ముహమ్మద్’ అని పిలవసాగారు. అంతకన్నా గౌరవనీయమైన పేరు ఇంకేముంటుంది? అయినా సూరా అహ్‌జాబ్ 5వ ఆయతులో ఆదేశం వచ్చింది: పెంచుకున్నవారిని వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలని. ఆయన మళ్ళీ ‘జైద్ బిన్ హారిసా’ అయ్యారు. కాస్త ఆగి ఆలోచించండి. పెంచినవారు దైవప్రవక్తే అయినా, వెతికి వెతికి అలసిన ఆ తండ్రి పేరును చెరిపే హక్కు ఎవరికీ లేకపోయింది. అదే సూరా 37వ ఆయతులో జైద్ పేరు నిలిచింది. సహాబాలలో ఆ భాగ్యం మరెవరికీ దక్కలేదు.

మరి మన పేటల సంగతి? చాయ్ హోటల్లో గ్లాసులు కడిగే పిల్లవాడు ‘ఛోటూ’. ఇంట్లో అంట్లు తోమే పదేళ్ళ పిల్ల ‘మున్నీ’. ఏ బీహార్ నుంచో, ఏ పల్లె నుంచో ఎవరో తెచ్చి దింపి డబ్బు తీసుకుపోయారు. “అన్నం పెడుతున్నాం, బట్టలిస్తున్నాం, చదువుకూ పంపుతాం” అంటారు మన ఆడపడుచులు. ఆ మాటలు నిజమే కావచ్చు. కానీ ఆ పిల్ల తండ్రి పేరేమిటమ్మా అంటే తెల్లబోతారు. పద్నాలుగేళ్ళలోపు వారిని ఇంటిపనికి, హోటల్ పనికి పెట్టుకోవడాన్ని ప్రభుత్వం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధించింది. 2016 సవరణతో ఆ వయసువారిని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి సాయపడటం వంటి కొద్ది మినహాయింపులు తప్ప. అనాథను పెంచుకుంటూ బడి రిజిస్టరులో తండ్రి గడిలో తమ పేరు రాయించేవారు కూడా ఆ 5వ ఆయతును ఒకసారి చదవాలి.

మీ ఇంట అలాంటి పిల్ల ఉంటే ఈ రాత్రే పక్కన కూర్చోబెట్టుకొని అసలు పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరు అడగండి. ఫోను నెంబరు గుర్తుంటే మీ ఫోనులోంచే కలిపి, మీరు పక్కగదికి వెళ్ళిపోండి, స్వేచ్ఛగా మాట్లాడుకోనివ్వండి. ఏమీ గుర్తులేదంటే 1098కి ఫోను చేయండి. పిల్లల సహాయానికి ఉన్న ఆ నెంబరుకు ఖర్చు కాదు, ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది.