మరణదండన: అర్హత, అధికారం – కర్నూలు సీమ అనుభవం

ఉపోద్ఘాతం

ముందుగా పథకం వేసుకొని మనిషిని చంపినవాడు మరణదండనకు అర్హుడా అన్న ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. హంతకుడు ఎంతటి శిక్షకు తగినవాడన్నది మొదటిది. అతని ప్రాణం తీసే అధికారం రాజ్యానికి ఉందా అన్నది రెండవది. మొదటిదానికి ఎంత కఠినమైన సమాధానం చెప్పినా రెండవది దానంతట అది తేలిపోదు. కర్నూలు సీమ అనుభవం ఆధారంగా ఈ భేదాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పథకం – బాధ్యత

ఆవేశంలో చేసిన హత్యకన్నా ఆలోచించి చేసిన హత్య ఘోరమైనదని లోకనీతి, న్యాయశాస్త్రం రెండూ అంగీకరిస్తాయి. ఆలోచించే వ్యవధి ఉన్నవాడికి మానుకొనే వ్యవధీ ఉంది. హంతకుణ్ణి వివేకం గల మనిషిగా గుర్తించడమంటే అతని చేతకు తగిన ఫలాన్ని అతనికి ఇవ్వడమేనన్న జర్మన్ తత్త్వవేత్త కాంట్ వాదానికి బలం ఇక్కడే ఉంది. అయితే రాయలసీమ ఫ్యాక్షన్ హత్యల్లో పథకం ఒకరిది, కత్తి మరొకరిది కావచ్చు. నేర తీవ్రతకు ఆలోచనే కొలమానమైతే ప్రథమ దోషి హత్యాస్థలంలో లేనివాడే. సాక్ష్యం మాత్రం కత్తి పట్టిన చేతినే సులువుగా పట్టిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఈడిగ అన్నమ్మ కేసులో, 1974లో, సుప్రీంకోర్టు ఉరిశిక్షను యావజ్జీవ శిక్షగా మార్చింది. ఒక యువతినీ ఆమె బిడ్డనూ చంపిన నేరమది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ క్రౌర్యాన్ని తేలిక చేయలేదు. దానితో పాటు నిందితురాలి వయస్సును, అత్తింటి నుంచి ఆమెను వెళ్లగొట్టడాన్ని, ఉరి భయంతో ఆమె గడిపిన కాలాన్ని లెక్కలోకి తీసుకొన్నారు. నేరాన్ని మాత్రమే కాక నేరస్థుణ్ణీ చూడాలన్న ఈ దృష్టి 1980 నాటి బచన్ సింగ్ తీర్పులో, అత్యంత అరుదైన కేసులకే ఉరి అన్న సూత్రంతో, స్థిరపడింది.

క్షమాధికారం – అపనమ్మకం

ఉరిని కోరేవారి వాదంలో తోసిపుచ్చరానిది ఒకటుంది. జైలుకు పంపినా పలుకుబడి ఉన్నవాడు త్వరలోనే బయటికి వస్తాడన్న భయమది. ఈ భయం నిరాధారం కాదు. కర్నూలు జిల్లాలో ఇద్దరి హత్యకు సంబంధించిన కేసులో ఖైదీకి మిగిలిన శిక్షను 2005లో గవర్నరు రద్దు చేశారు. హతుల కుటుంబీకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఖైదీ రాజకీయ పక్షనిష్ఠ అధికారుల నివేదికలోకి ఎక్కడాన్ని తప్పుపడుతూ, 2006 అక్టోబరు 11న ఆ న్యాయస్థానం ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఈపూరు సుధాకర్ కేసుగా ప్రసిద్ధమైన ఈ తీర్పు క్షమాధికారమూ న్యాయసమీక్షకు లోబడినదేనని స్పష్టం చేసింది.

ఇక్కడ చెడినది శిక్ష తీవ్రత కాదు, శిక్ష మీది నమ్మకం. ఉరితాడు ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు. క్షమను తారుమారు చేయగల పలుకుబడి ఉరినీ తప్పించగలదు. 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు, శిక్ష తగ్గింపునకు అవకాశం లేని జీవితఖైదును ఉరికి ప్రత్యామ్నాయంగా విధించింది. బాధితుల భయానికి తగిన సమాధానం ఈ దిశలో ఉంది.

వెనక్కు తీసుకోలేని శిక్ష

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ ప్రభుత్వం 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసింది. రాజద్రోహంతో పాటు హత్యానేరాన్నీ ఆయనపై మోపింది. ఆయన శిరస్సును 1877 వరకు కోట బురుజుకు వేలాడదీసింది. 2021 మార్చిలో ప్రారంభమైన ఓర్వకల్లు విమానాశ్రయం నేడు ఆయన పేరే ధరించింది. అది పరాయి పాలన, పరాయి న్యాయం అనవచ్చు. నరసింహారెడ్డి తిరుగుబాటును స్వార్థ హత్యతో పోల్చరాదనవచ్చు. రెండూ నిజమే. కాని ఆ ప్రభుత్వమూ విచారణ జరిపి, తనదే న్యాయమని నమ్మే ఉరితీసింది. తీర్పును చరిత్ర మార్చింది. ప్రాణాన్ని తిరిగి ఇవ్వలేకపోయింది. తీర్పు మారగలదని తెలిసిన రాజ్యం, దాన్ని మార్చుకొనే వీలును కూడా మిగుల్చుకోవాలి.

ముగింపు

పథకం ప్రకారం చంపినవాడు తన ప్రాణంపై హక్కును కోల్పోయాడని వాదించవచ్చు. ఆ హక్కు అంతటితో రాజ్యానికి సంక్రమించదు. ప్రాణానికి ప్రాణం అన్న లెక్క ఎక్కడ ఆగుతుందో ఫ్యాక్షన్ పల్లెల్లో భర్తను, కొడుకును పోగొట్టుకొన్న స్త్రీలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. రాజ్యం చేయవలసింది ఆ లెక్కను కొనసాగించడం కాదు. పథకం వేసినవాడి దాకా దర్యాప్తును తీసుకువెళ్లడం, విధించిన ఖైదును పలుకుబడికి లొంగకుండా చివరిదాకా అమలు చేయడం.