వడ్డించినవానికి మనము ఏమి ఋణపడియున్నాము?

మన పల్లెలనుండి విశాఖపట్నమునకు పోవువారు అనేకులు. కింగ్ జార్జి ఆసుపత్రికి రోగిని తీసికొనిపోవువారును, ఓడరేవులోగాని ఉక్కు కర్మాగారములోగాని పనిచేయు కుమారుని చూడబోవువారును అక్కడ ఏదో ఒక హోటలులో భోజనము చేయక తప్పదు. భోజనమైన పిమ్మట సర్వరు సోంపుతోకూడ బిల్లు తెచ్చిపెట్టును. చిల్లర తిరిగివచ్చును. పట్టణపువారు అందులో కొంత విడిచి లేచుదురు. మనవాడు ప్రక్కబల్లవైపు చూచి, “నేనును విడువవలెనా? విడువనియెడల తప్పా?” అని తడబడును. ప్రశ్న చిన్నదే. అయినను ధనమును, పనివానిని మనమెట్లు ఎంచుచున్నామో దీనియందు బయలుపడును.

మొదట టిప్పు జీతము కాదని తెలిసికొందము. అతిథులిచ్చు టిప్పు యజమాని యిచ్చు జీతము కాదని 2016లో మన సుప్రీంకోర్టు ఆదాయపు పన్ను వ్యాజ్యమొకదానిలో తీర్పు చెప్పెను. జీతమిచ్చుట యజమాని విధి. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకమునుపే ఇయ్యవలెనని మోషే ధర్మశాస్త్రము విధించెను. మన దేశములో 1948లోనే కనీస వేతనముల చట్టము వచ్చెను. అమెరికాలోనైతే, టిప్పులతో కలిపి కనీస వేతనము పూర్తియగునెడల యజమాని తనవంతుగా గంటకు 2.13 డాలర్లు ఇచ్చిన చాలునని కేంద్ర చట్టము 1991నుండి చెప్పుచున్నది. అక్కడ నూటికి 15, 20 చొప్పున విడుచుట దాదాపు నిర్బంధమైపోయినది. ఆ మార్గము మనకు వద్దు. “వానికి టిప్పులు వచ్చునుగదా” అని జీతము తగ్గించు యజమాని, ఇతరుల దయను తన పెట్టెలో వేసికొనుచున్నాడు. మీ ఊర టీ దుకాణము నడుపు సహోదరుడు ఇది చదివినయెడల, తన పనివాని లెక్క నేడే సరిచూచుకొనునుగాక.

రెండవది, టిప్పు పన్ను కాదు. హోటళ్లు తమంతట తామే బిల్లులో సర్వీసు చార్జి కలుపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో నిర్దేశించెను. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించెను. అట్టిది కనబడినయెడల తీసివేయుమని మర్యాదగా అడుగుడి. అడుగుట పిసినారితనము కాదు. అయితే సర్వరుమీద కోపపడకుడి. ఆ నియమము పెట్టినవాడు అతడు కాడు.

మూడవది, టిప్పు లంచము కాదు. పని ముగిసినమీదట సంతోషముతో ఇచ్చునది ఒకటి. పని జరుగుటకే ముందుగా ఇయ్యవలసివచ్చునది వేరొకటి. ప్రభుత్వాసుపత్రిలో రోగిని బండిమీద త్రోయుటకు ఎవడైన సొమ్మడిగినయెడల, “టీ ఖర్చు” అని పేరు పెట్టినను అది లంచమే. ఇచ్చినవాని రోగి ముందు పోవును, లేనివాని రోగి వరండాలో పడియుండును. హోటలులోను ఈ శోధన లేకపోలేదు. ఎక్కువ విడుచువాని బల్లయొద్దకు పరుగు, బీదవాని బల్లయొద్ద ఆలస్యము. బంగారు ఉంగరము గలవానికి మంచి చోటిచ్చి, మాసిన బట్టలవానిని నిలువుమను పక్షపాతమును యాకోబు తన పత్రికలో గద్దించెనుగదా.

అట్లయిన టిప్పు ఏమి? అది కృతజ్ఞత. కృతజ్ఞతకు ధర నిర్ణయించువాడు లేడు. పది రూపాయలు విడువగలవాడు పది విడుచునుగాక. అప్పు చేసి తెచ్చిన సొమ్ముతో రోగిని వెంటబెట్టుకొని వచ్చినవాడు ఏమియు విడువక లేచినను దోషి కాడు. ప్రక్కబల్లవాని చూపునకు వెరచి మందుల సొమ్ములోనుండి తీసి ఇచ్చుట ధర్మము కాదు, అది వట్టి డంబము. ఫోనుతో బిల్లు చెల్లించువారు ఒక సంగతి గమనింపవలెను. ఆ సొమ్ము యజమాని ఖాతాకు పోవును. గనుక సర్వరునకు ఇయ్యదలచినది వేరుగా అతని చేతికే ఇచ్చుట మేలు. బల్ల తుడిచి ఎంగిలి కంచములు తీయువానినికూడ జ్ఞాపకము చేసికొనుడి. అతనిని చూచువారు తక్కువ.

ధనికుడును బీదవాడును సమానముగా ఇయ్యగల కానుక ఒకటి కలదు. చిటికె వేసి “ఒరేయ్” అని పిలువక, “బాబూ” అనియో “తమ్ముడూ” అనియో పిలువుడి. మెతుకులు బల్లనిండ చల్లకుడి. లేచునప్పుడు ఒక మంచిమాట చెప్పుడి. ఉదయమునుండి నిలువు కాళ్లమీద తిరుగుచున్న ఆ యౌవనుడు మన ప్రక్క ఊరివాడే కావచ్చును. అతని తల్లి, తన కుమారునితో పట్టణమందు ఎవరైన ప్రేమగా మాటలాడుచున్నారో లేదోయని ఇంటియొద్ద తలంచుకొనుచుండును.